కంప్యూటర్లలో మీకు విలువైనవి ఏవి? వాటిని గుర్తించి కాపాడుకోవడం ఎలా

ఒక తెల్ల కాగితం తీసుకుని, రేపు పొద్దున మీ కంప్యూటర్లేవీ ఆన్ కాకపోతే ఏయే పనులు ఆగిపోతాయో రాయండి. యంత్రాల పేర్లు వద్దు, పనుల పేర్లే రాయండి. బిల్లు కొట్టడం, జీతాలు వేయడం, వచ్చిన ఆర్డర్లు చూసుకోవడం, ఎవరైనా ఫోన్ చేసి అడిగితే పాత లావాదేవీ వెతికి చెప్పడం, ఇలాంటివి. ఆ తర్వాత ఒక్కో పని పక్కన, అది జరగాలంటే ఏ ఫైలు, ఏ ప్రోగ్రామ్, ఏ అకౌంటు, ఎవరి దగ్గరున్న పాస్‌వర్డ్ కావాలో రాయండి. మీ ఆస్తుల జాబితా ఇక్కడే మొదలవుతుంది.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఎన్ని ల్యాప్‌టాప్‌లు, ఎన్ని ప్రింటర్లు అని లెక్కపెట్టి స్టిక్కర్లు అంటించి అదే ఆస్తుల జాబితా అనుకుంటారు. బీమాకు అది పనికొస్తుంది, భద్రతకు చాలదు. ల్యాప్‌టాప్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. అందులో ఉన్న పదేళ్ల లెక్కలు ఏ దుకాణంలోనూ దొరకవు.

ఈ తేడా ఎంత పెద్దదో 2017 జూన్‌లో డెన్మార్క్ నౌకా రవాణా సంస్థ మేర్స్క్‌కు తెలిసొచ్చింది. నాట్‌పెట్యా అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) వాళ్ల నెట్‌వర్క్‌ను తుడిచిపెట్టాక, పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ కట్టుకొచ్చారు. యంత్రాల సంగతి అలా తేలిపోయింది. ఎవరు లాగిన్ కావచ్చు, ఎవరికి ఏ అనుమతి ఉంది అనే వివరాలు దాచే డొమైన్ కంట్రోలర్ల దగ్గర మాత్రం చిక్కుకుపోయారు. అలాంటివి దాదాపు 150 ఉండేవి. అన్నీ ఒకదాన్నొకటి చూసి తమను తాము సరిచేసుకుంటూ ఉండేవి కాబట్టి, ఒకటి పోయినా మిగతావి ఉంటాయన్న ధీమా. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు. చివరికి ఘనాలోని ఆఫీసులో కరెంటు పోయి నెట్‌వర్క్‌కు దూరంగా ఉండిపోయిన ఒక్క కంట్రోలర్ మిగిలింది. దాని నుంచే మళ్లీ లేచి నిలబడ్డారు. మీ జాబితాలోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. ఎవరూ దాన్ని విలువైనదిగా చూడరు, కానీ మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉంటాయి. దాన్ని వెతికి పట్టుకోవడమే ఈ పనిలో అసలు కష్టం.

కంటికి కనపడని వాటిని వెతకండి

పనుల నుంచి మొదలుపెట్టిన జాబితాలో సగం వరకే వస్తాయి. మిగతా సగానికి నాలుగు చోట్ల వెతకాలి.

మొదట రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచి, దానికి కలిసి ఉన్న పరికరాల జాబితా చూడండి. ఒక్కొక్కటి ఏమిటో, ఎక్కడుందో గుర్తించండి. సీసీ కెమెరా రికార్డర్, పాత ట్యాబ్లెట్, స్మార్ట్ టీవీ, ఎవరో ఎప్పుడో తగిలించిన వైఫై పెట్టె బయటపడతాయి. ఏమిటో తెలియనిదాన్ని బ్లాక్ చేసి రెండు రోజులు ఆగండి. దాని అవసరం ఉన్నవాళ్లే వచ్చి అడుగుతారు. అయితే ఆసుపత్రి పరికరాల్లాంటివి, యంత్రాలను నడిపే కంట్రోలర్లు ఉన్నచోట మాత్రం ఇలా చేయకండి. అక్కడ తీగ పట్టుకుని నడుస్తూ పరికరం దాకా వెళ్లి చూడాల్సిందే.

రెండోది మెయిల్ ఇన్‌బాక్స్. స్వాగతం, ధ్రువీకరణ, రసీదు, రెన్యూవల్ లాంటి మాటలు పెట్టి వెతికితే మీరు మరిచిపోయిన అకౌంట్లు పదుల సంఖ్యలో తేలుతాయి. మూడోది కార్డు స్టేట్‌మెంట్. కనీసం 13 నెలలది చూడండి, ఎందుకంటే ఏడాదికోసారి డబ్బు కట్టే సర్వీసులు 12 నెలల స్టేట్‌మెంట్‌లో కొన్నిసార్లు అంచు దాటిపోతాయి. డొమైన్ పేరు (మీ వెబ్‌సైట్, మెయిల్ చిరునామాల్లో ఉండే పేరు) అలాంటిదే. డాట్‌కామ్ పేరు గడువు దాటితే రిజిస్ట్రార్‌ను (ఆ పేరు అమ్మే సంస్థను) బట్టి 45 రోజుల దాకా, ఆపైన అదనపు రుసుముతో మరో 30 రోజులు తిరిగి తీసుకునే వీలుంటుంది. అదీ దాటితే ఎవరైనా కొనేయవచ్చు. కొన్నవాడికి మీ వెబ్‌సైట్ చిరునామా ఒక్కటే కాదు, ఆ పేరు మీద వచ్చే మెయిల్స్ కూడా అందుతాయి. ఆ మెయిల్స్‌తో మీ మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్‌లు మార్చేయవచ్చు.

నాలుగోది మనుషుల బుర్ర. "ఈ సర్వర్ ఆగిపోతే మళ్లీ ఎలా మొదలుపెడతారు?" అని అడగండి. "అది ఫలానా ఆయనకే తెలుసు" అని జవాబు వస్తే, ఆ తెలివిడి కూడా జాబితాలో ఒక వరుస. దాన్ని కాగితం మీద పెట్టించాలి.

జాబితా లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి, జనం అప్పుల వివరాలు దాచే అమెరికా సంస్థ ఈక్విఫ్యాక్స్‌ను మించిన ఉదాహరణ లేదు. అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి 2017 మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చింది. వేయమని సంస్థలో వందల మందికి మెయిల్ కూడా వెళ్లింది. ఆ సాఫ్ట్‌వేర్ ఏయే సర్వర్లలో ఉందో చెప్పే పూర్తి జాబితా లేదు కాబట్టి ఒక పోర్టల్‌కు ప్యాచ్ పడలేదు. మే నెలలో అందులోంచే చొరబడ్డారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి.

జాబితాలో ఏం రాయాలి

ఎక్సెల్ షీట్ చాలు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనేదాకా ఆగకండి. వరుసకు ఏడు గడులు పెట్టండి: పేరు, ఎక్కడుంది, బాధ్యులు ఎవరు, ఎవరెవరికి ప్రవేశం ఉంది, దేని మీద ఆధారపడి ఉంది, కాపీ ఎక్కడుంది, ఆ కాపీని చివరిసారి తెరిచి చూసిన తేదీ. బాధ్యుల గడిలో మనిషి పేరే ఉండాలి. "ఐటీ విభాగం" అని రాస్తే ఎవరూ బాధ్యులు కానట్టే.

పాస్‌వర్డ్‌లు మాత్రం ఇందులో రాయకూడదు. ఈ జాబితా దొంగ చేతిలో పడితే ఇంటి ప్లాను ఇచ్చినట్టే, కాబట్టి దీనికీ ఒక వరుస వేసి, చూసేవాళ్లను నలుగురైదుగురికి పరిమితం చేయండి. ఒక ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్వేర్) అన్నింటికీ తాళం వేసిన రోజున, కంప్యూటర్‌లో ఉన్న జాబితాకూ తాళం పడుతుంది.

విలువ కట్టడం

ప్రతి వరుసకూ మూడు ప్రశ్నలు వేయండి. ఇది బయటపడితే ఏమవుతుంది? ఎవరికీ తెలియకుండా మారిపోతే ఏమవుతుంది? అవసరమైనప్పుడు అందకపోతే ఏమవుతుంది? ఒక్కోదానికి 1 నుంచి 3 దాకా మార్కు వేయండి. చిరాకు తెప్పిస్తే 1, డబ్బో పేరో పోతే 2, సంస్థ మూతపడేంత లేదా మనుషులకు హాని కలిగేంత అయితే 3.

ఆ మూడు మార్కులూ కూడకండి. మూడింటిలో ఏది ఎక్కువైతే అదే ఆ ఆస్తి విలువ. కూడితే ప్రమాదం కనిపించకుండా పోతుంది. మీరు సరుకు కొనే వ్యాపారుల బ్యాంకు ఖాతా నంబర్ల పట్టికనే తీసుకోండి. బయటపడితే పెద్ద నష్టం లేదు, 1. ఒకరోజు అందకపోతే చెల్లింపు ఆలస్యమవుతుంది, 1. అందులో ఒక్క ఖాతా నంబరు మారితే? వచ్చే చెల్లింపు నేరుగా దొంగ ఖాతాలోకి పోతుంది. ఏ అలారం మోగదు, ఏ ఫైలూ మాయం కాదు, సరుకు ఇచ్చిన వ్యాపారి డబ్బు రాలేదని ఫోన్ చేసేదాకా తెలియదు. దీనికి 3 వేయాలి. కూడితే వచ్చేది 5, మూడు గడుల్లోనూ 2 ఉన్న మామూలు ఫైలు కంటే తక్కువ. గోప్యత గురించే ఆలోచించేవాళ్లు ఈ పట్టికను ఎప్పుడూ వదిలేస్తారు. దీనికి మందు ఎన్‌క్రిప్షన్ (కీ లేనివాళ్లు చదవలేకుండా డేటాను మార్చడం) కాదు. ఖాతా నంబరు మార్చమని కోరుతూ వచ్చిన ప్రతి మెయిల్‌కూ, మీ దగ్గర ముందునుంచి ఉన్న ఫోన్ నంబరుకు చేసి అడగాలి, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేయకూడదు. మార్పును ఒకరు నమోదు చేస్తే ఇంకొకరు ఆమోదించాలి.

"అందకపోతే" అన్న ప్రశ్నకు ఇంకో రెండు అంకెలు కావాలి. ఎన్ని గంటలు లేకుండా నెట్టుకురాగలరు? ఎన్ని గంటల పనిని చేత్తో మళ్లీ ఎక్కించుకోగలరు? రెండోది 4 గంటలైతే, రోజుకోసారి తీసే బ్యాకప్ మీకు చాలదు, 4 గంటలకోసారి తీయాలి. మొదటిదాన్ని లెక్కవేసి చూడండి. క్లౌడ్‌లో ఉన్న 2 టెరాబైట్ల బ్యాకప్‌ను సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద దింపుకోవాలంటే, లైను పూర్తి వేగంతో నడిచినా 44 గంటలు దాటుతుంది. ఒక్కరోజులో లేచి నిలబడాలనుకుంటే స్థానికంగా ఒక కాపీ ఉండి తీరాలి.

చివరగా, దేని మీద ఏది ఆధారపడి ఉందో చూసి మార్కులు సరిచేయండి. 3 మార్కుల ఆస్తి దేని మీద నిలబడి ఉందో అది కూడా 3 మార్కులదే. పాస్‌వర్డ్ మరిచిపోతే లింకు వచ్చే మెయిల్ అకౌంటు, డొమైన్ రిజిస్ట్రార్ లాగిన్, ఓటీపీలు వచ్చే సిమ్, పాస్‌వర్డ్ మేనేజర్, డిస్క్ ఎన్‌క్రిప్షన్ రికవరీ కీ, ఇవన్నీ ఈ దెబ్బతో పైకి వస్తాయి. ముందు కాపాడాల్సింది వీటినే.

అకౌంట్లు

3 మార్కుల అకౌంట్లకు పాస్‌వర్డ్‌తో పాటు రెండో తాళం తప్పనిసరి. అన్ని రెండో తాళాలూ ఒకటి కాదు. ఎస్ఎంఎస్‌లో వచ్చే కోడ్, మీ సిమ్‌ను ఇంకొకరు తమ పేరున తెచ్చుకుంటే వాళ్లకే పోతుంది. ఆథెంటికేటర్ యాప్ దానికన్నా మేలు, కానీ 30 సెకన్లకోసారి మారే ఆ ఆరంకెల కోడ్‌ను మీరు నకిలీ పేజీలో కొడితే, దొంగ అదే క్షణంలో అసలు పేజీలో కొట్టేస్తాడు. సెక్యూరిటీ కీ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం) లేదా పాస్‌కీ (ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాచే అలాంటి కీ) ఈ మోసానికి లొంగదు. అది ఏ సైట్ కోసం తయారైందో ఆ సైట్ చిరునామాకే స్పందిస్తుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా పలకదు. మీ కళ్లు మోసపోయినా అది మోసపోదు. కీలు రెండు కొని, రెండింటినీ అకౌంటుకు నమోదు చేయండి. ఒకటి జేబులో, ఒకటి బీరువాలో. అకౌంటు ఇచ్చే రికవరీ కోడ్‌లను ప్రింటు తీసి రెండో కీతో కలిపి పెట్టండి. ఇన్ని చేసి, రికవరీ నంబరుగా ఎప్పుడో వదిలేసిన పాత మొబైల్ నంబరు ఉంచేస్తే, ముందు తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు తెరిచినట్టే. అదీ చూడండి.

మెయిల్ అకౌంటులో ఫార్వర్డింగ్ రూల్స్ పేజీ తెరవండి. లోపలికి వచ్చినవాడు తరచూ చేసే పని, ఇన్‌వాయిస్ అనే మాట ఉన్న ప్రతి మెయిల్‌నూ తనకు పంపే రూల్ ఒకటి పెట్టి వెళ్లడం. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ అలాగే పనిచేస్తుంది. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు మూడూ చేయాలి: రూల్స్ తీసేయడం, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయించడం, పాస్‌వర్డ్ మార్చడం.

అడ్మిన్ అకౌంటుతో మెయిల్ చదవడం, బ్రౌజ్ చేయడం మానేయండి. రోజువారీ పనికి మామూలు అకౌంటు వేరుగా పెట్టుకోండి. తప్పు అటాచ్‌మెంట్ తెరిచినా నష్టం ఆ ఒక్క మనిషి ఫైళ్ల దగ్గర ఆగే అవకాశం ఉంటుంది.

ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఆ రోజే వాళ్ల మెయిల్, పాస్‌వర్డ్ మేనేజర్ అకౌంట్లు ఆపి, తర్వాత నలుగురూ వాడే ఉమ్మడి పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడేందుకు వాడే రహస్య కోడ్‌లు) మార్చాలి. ప్రోగ్రామ్ కోడ్‌తో పాటు పొరపాటున బయటికి వెళ్లిన కీ విషయంలోనూ అంతే. ఫైలు తీసేస్తే సరిపోదు, పాత వెర్షన్ల చరిత్రలో అది ఉండిపోతుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే దారి.

యంత్రాలు

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ. అప్‌డేట్లు వాటంతట అవే పడేలా పెట్టండి. చేత్తో వేయాల్సి వస్తే ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్నవాటితో మొదలుపెట్టండి: రౌటర్, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి సురక్షితంగా వచ్చే దారి), వెబ్ సర్వర్. రిమోట్ డెస్క్‌టాప్‌ను (దూరం నుంచి కంప్యూటర్ నడిపే సదుపాయాన్ని) నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి, వీపీఎన్ వెనకే ఉంచండి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మార్చలేని పాత యంత్రం ఉంటే మిగతావాటి నుంచి వేరుచేసి ప్రత్యేక నెట్‌వర్క్‌లో పెట్టండి.

బయటికి తీసుకెళ్లే ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి. ముందు బ్యాకప్ తీయండి, తర్వాత ఆన్ చేయండి, ఆ వెంటనే రికవరీ కీని వేరే చోట దాచండి. విండోస్‌లోని బిట్‌లాకర్ అయితే అది 48 అంకెల నంబరు. ఆ కీ పోయిన రోజున, దొంగకు వేసిన తాళం మీకే పడుతుంది. యంత్రం ఆఫ్‌లో ఉన్నప్పుడే ఎన్‌క్రిప్షన్ దాన్ని కాపాడుతుంది. మీరు లాగినై పని చేస్తున్నప్పుడు వచ్చే మాల్వేర్‌ను అది ఆపదు.

బ్యాకప్

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే భవనంలో. ఈ 3-2-1 పద్ధతి అందరికీ తెలిసిందే. దానికి ఇంకో షరతు కలపండి: కనీసం ఒక కాపీని మీ అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా చెరపలేని విధంగా ఉంచాలి. ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే కోడ్ స్పేసెస్ అనే సంస్థ 2014 జూన్‌లో మూతపడింది ఇందుకే. వాళ్ల క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి ఎవరో చొరబడి, డబ్బు అడిగి, సంస్థ తిరిగి పట్టు సాధించబోతుంటే డేటానూ బ్యాకప్‌లనూ చెరిపేశారు. అన్నీ ఆ ప్యానెల్ చేతికి అందేవే.

చిన్న ఆఫీసుకు చవకైన దారి రెండు బాహ్య హార్డ్ డిస్కులు. ఈ వారం ఒకటి తగిలించి ఉంటే రెండోది వేరే చోట ఉంటుంది, వచ్చే వారం మార్చుతారు. ఎప్పుడూ తగిలించే ఉంచిన డిస్కును రాన్సమ్‌వేర్ మిగతా ఫైళ్లతో పాటే తాళం వేస్తుంది. సింక్ అయ్యే క్లౌడ్ ఫోల్డర్‌నూ బ్యాకప్ అనుకోకండి. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. ఇంకో పొరపాటు, డేటాబేస్ నడుస్తుండగా దాని ఫైలును మామూలుగా కాపీ చేయడం. సగం పాతది, సగం కొత్తది వచ్చి తెరుచుకోదు. ఆ ప్రోగ్రామ్‌లోనే ఉన్న బ్యాకప్ లేదా ఎక్స్‌పోర్ట్ వాడాలి.

బ్యాకప్ ఉందని నమ్మడానికి ఒకటే రుజువు, దాన్ని తెరిచి చూడటం. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజినీరు ఒకరు పొరపాటున వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను చెరిపేశారు. ఆపేలోపు దాదాపు 300 గిగాబైట్లు పోయాయి. బ్యాకప్ కోసం వెళ్లి చూస్తే నిల్వ చోటు ఖాళీ. బ్యాకప్ ప్రోగ్రామ్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్‌తో సరిపడక కొన్నాళ్లుగా విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిల్స్‌ను మెయిల్ సర్వర్ తిరస్కరించింది, కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణం నాటి డేటా కాపీ) ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు.

మూడు నెలలకోసారి ఇలా పరీక్షించండి. బ్యాకప్‌తో సంబంధం లేని ఇంకో కంప్యూటర్ తీసుకోండి. బ్యాకప్ తీసే మనిషి కాకుండా వేరొకరిని కూర్చోబెట్టండి, చేతికి రాసి పెట్టిన సూచనలు మాత్రమే ఇవ్వండి. టైము నోట్ చేయండి. లెక్కల డేటాబేస్‌ను పూర్తిగా తిరిగి ఎక్కించి, ప్రోగ్రామ్ తెరిచి, చివరి బిల్లు నంబరు, పోయిన నెల మొత్తం అసలు దానితో సరిపోతున్నాయా చూడండి. ఫైలు సైజు చూసి సరేననుకోవద్దు. పాస్‌వర్డ్ దొరకలేదనో, లైసెన్స్ కీ కావాలనో ఎక్కడో ఆగుతారు. ఆగిన ప్రతిచోటా జాబితాలో లేని ఒక ఆస్తి దొరికినట్టు లెక్క. దాన్ని రాసుకోండి. పరీక్ష తేదీ, పట్టిన గంటలు ఏడో గడిలో పడాలి.

తెలుసుకోవడం

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకూడదంటే, 3 మార్కుల ఆస్తుల మీద నాలుగు అలర్టులు పెట్టండి: కొత్త పరికరం నుంచి లాగిన్, కొత్త అడ్మిన్ చేరడం, ఫార్వర్డింగ్ రూల్ మారడం, బ్యాకప్ పూర్తయినట్టు కబురు రాకపోవడం. చివరిదాన్ని గట్టిగా పట్టుకోండి. "విఫలమైతే చెప్పు" అని పెడితే, చెప్పే యంత్రమే ఆగిపోయినప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది. ఈక్విఫ్యాక్స్‌లో నెట్‌వర్క్‌పై కన్నేసే పరికరం, ట్రాఫిక్‌ను విప్పి చూసేందుకు దానికి కావాల్సిన సర్టిఫికెట్ గడువు ముగిసి నెలల తరబడి గుడ్డిగా ఉంది. 2017 జూలై 29న కొత్త సర్టిఫికెట్ వేయగానే అనుమానాస్పద ట్రాఫిక్ కనిపించింది. కాపలా పరికరాలకూ, సర్టిఫికెట్లకూ మీ జాబితాలో గడువు తేదీతో ఒక్కో వరుస ఉండాలి.

వదిలించుకునేటప్పుడు

పాత డిస్కును క్విక్ ఫార్మాట్ చేసి అమ్మేస్తే డేటా పోదు. హార్డ్ డిస్క్ అయితే మొదటి నుంచి చివరిదాకా పాత డేటా మీద కొత్తది రాయించాలి. ఎస్ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచే డిస్కు) మీద అలా రాయించినా కొన్ని మూలలు మిగిలిపోతాయి, ఎందుకంటే అరుగుదల సమంగా ఉండేందుకు అది రాతను తనకు తోచిన చోటికి మళ్లిస్తుంది. దానికి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడండి. మొదటి రోజు నుంచీ ఎన్‌క్రిప్షన్‌లో ఉన్న డిస్కుకైతే కీని నాశనం చేస్తే చాలు. చెడిపోయి ఆన్ కాని డిస్కును లోపలి చిప్పులు, ప్లేట్లు ముక్కలయ్యేలా పగలగొట్టించండి. పెద్ద ఆఫీసు ప్రింటర్లలోనూ డిస్కులుంటాయి, అద్దె ప్రింటర్ తిరిగి ఇచ్చేముందు అడగండి.

దెబ్బ తగిలిన మొదటి గంట

ఫైళ్ల పేర్లు మారుతున్నా, డబ్బు అడిగే నోటు తెరపై కనిపించినా, ముందు నెట్‌వర్క్ తీగ పీకండి, వైఫై ఆపండి. వీలైనంత వరకు యంత్రాన్ని ఆఫ్ చేయకండి, మెమొరీలో ఉన్న ఆనవాళ్లు పోతాయి. తెరను ఫోన్‌తో ఫొటో తీయండి. బీరువాలో ఉన్న ప్రింటు తీసి, ఆ యంత్రానికి ప్రవేశం ఉన్న 3 మార్కుల ఆస్తులేవో చూసి, వాటి పాస్‌వర్డ్‌లను శుభ్రంగా ఉన్న వేరే పరికరం నుంచి మార్చండి. మెయిల్‌తో మొదలుపెట్టండి. దాడి ఎలా జరిగిందో తేలి, యంత్రాన్ని మొదటి నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసేదాకా బ్యాకప్ డిస్కును దానికి తగిలించకండి. కంగారులో జరిగే అతి పెద్ద పొరపాటు అదే, మిగిలిన ఒక్క మంచి కాపీ కూడా అక్కడే పోతుంది.